బ్రాజోస్ బెండ్ చిత్తడి నేలలో ఒక రాత్రి: నా అనుభవం

హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్కును ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. నగరం నడిబొడ్డు నుంచి కారులో సుమారు గంట ప్రయాణం, షుగర్‌ల్యాండ్ వైపు ఉన్నవారికి ఇంకా దగ్గర. ఆదివారం మధ్యాహ్నం బయలుదేరి, సరస్సు గట్టు మీద ఒక చుట్టు నడిచి, ఒడ్డున ఎండ కాచుకుంటున్న మొసలి జాతి అలిగేటర్‌ను ఫోటో తీసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ రెండు మూడు గంటలలో కనిపించేది ఆ చిత్తడి నేల జీవితంలో బహు కొద్ది భాగమేనని, అక్కడి జీవాలు తమ పనులన్నిటినీ పొద్దు పొడిచే వేళకూ పొద్దు గుంకే వేళకూ అట్టిపెట్టుకుంటాయని, అందువల్ల రాత్రి అక్కడే బస చేస్తే తప్ప ఆ ప్రదేశాన్ని చూసినట్టు కాదని నా గట్టి అభిప్రాయం. ఈ ఏప్రిల్‌లో మా నాన్నగారు కైకలూరు నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయనతోపాటు, నా భార్య, పదేళ్ల కొడుకుతో కలిసి అక్కడ గుడారం వేసుకుని ఉన్న అనుభవాన్ని, వెళ్లదలచినవారికి పనికివచ్చేలా వివరంగా రాస్తున్నాను.

మొదటి పని స్థలం దొరకబుచ్చుకోవడం. టెక్సస్ స్టేట్ పార్కులలో రాత్రి బసకు ఐదు నెలల ముందు నుంచీ, పగటి సందర్శనకు ముప్పై రోజుల ముందు నుంచీ రిజర్వేషన్ చేసుకోవచ్చు. ఏప్రిల్ నెల శని, ఆదివారాలకు స్థలాలు చాలా ముందుగానే నిండిపోతాయి కనుక, నాన్నగారి విమానం టికెట్ ఖరారైన వారంలోనే కూర్చుని, వారం మధ్యలోని రోజులు ఎంచుకున్నాను. వారం మధ్యలో వెళ్లడం వల్ల స్థలం సులభంగా దొరకడమే గాక, తెల్లవారుజామున సరస్సు గట్టు మీద మనుషుల అలికిడి లేకపోవడం అన్నిటికంటే పెద్ద లాభం. పదమూడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ రోజుకు ఏడు డాలర్ల ప్రవేశ రుసుము ఉంటుంది, పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఉండదు, బసకు కట్టే సొమ్ము వేరు. సంవత్సరంలో నాలుగైదు సార్లు ఏదో ఒక స్టేట్ పార్కుకు వెళ్లే కుటుంబమైతే వార్షిక పాస్ తీసుకోవడం మేలు, ఎందుకంటే పాస్ ఉన్నవారితో అదే కారులో వచ్చిన అందరికీ ప్రవేశ రుసుము మాఫీ అవుతుంది.

ఇక్కడ నీరు, కరెంటు ఉన్న టెంట్ స్థలాలతోపాటు దోమతెరలు బిగించిన చిన్న గదులూ అద్దెకు ఇస్తారు. డెబ్బై దాటిన మనిషి వెంట ఉన్నప్పుడు మరుగుదొడ్డికి దగ్గరగా ఉండే స్థలం చూసుకోవడం ముఖ్యం, కనుక మ్యాపు దగ్గర పెట్టుకుని స్నానాల గదులకు నాలుగడుగుల దూరంలో ఉన్న స్థలాన్ని తీసుకున్నాను. నాన్నగారి కోసం మడత మంచం ఒకటి కొన్నాము. నేల మీద పరుపు వేసుకుని పడుకున్నవారికి తెల్లవారుజామున లేవడమే ఒక శ్రమ, మంచం మీద పడుకున్న మనిషి చీకటితోనే చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంటారు. ఈ ప్రయాణానికి కొన్న వస్తువులన్నిటిలోనూ ఆ మంచమే ఎక్కువ ఉపయోగపడింది. దాని తరువాత ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్లు రెండు, దోమల మందు, మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు, ఎర్ర కాంతి వచ్చే టార్చిలైటు చెప్పుకోదగినవి.

పార్కు ప్రధాన కార్యాలయంలో పేరు చెప్పి అనుమతి చీటీ తీసుకోవాలి. బస స్థలం మధ్యాహ్నం రెండు గంటల నుంచి మనది, ఖాళీ చేయవలసింది మరునాడు పన్నెండు గంటలకు. అక్కడి ఉద్యోగిని చాలా ఓపికగా నియమాలు చెప్పారు. అలిగేటర్‌కు కనీసం ముప్పై అడుగుల దూరంలో ఉండాలి, దానికీ నీటికీ మధ్యకు వెళ్లకూడదు, అది దారికి అడ్డంగా పడుకుని ఉంటే వెనక్కు తిరిగి వేరే దారి చూసుకోవాలి, బుస కొడితే మనం మరీ దగ్గరికి వచ్చామని అర్థం కనుక నెమ్మదిగా వెనక్కు నడవాలి. దానికి తిండి వేయడం టెక్సస్‌లో చట్టరీత్యా నేరం. మనుషుల చేతి తిండికి అలవాటు పడిన అలిగేటర్ మనుషులను చూస్తే పారిపోవడం మానేస్తుంది, ఆ తరువాత దాని ప్రాణానికీ హామీ ఉండదు. మా అబ్బాయి ఈ మాటలన్నీ శ్రద్ధగా విని తాతయ్యకు తెలుగులో మళ్లీ చెప్పాడు.

గుడారం వేసే ముందు నేలను జాగ్రత్తగా చూసుకోవాలి. దక్షిణ అమెరికా నుంచి ఓడల సరుకుతో వచ్చి అమెరికా దక్షిణ రాష్ట్రాలంతటా పాకిపోయిన నిప్పు చీమలు ఇక్కడ విస్తారంగా ఉంటాయి. వాటి పుట్ట వదులైన మట్టి కుప్పలా కనిపిస్తుంది, కాలు పడితే క్షణంలో వందల చీమలు పైకి ఎక్కి ఒక్కసారిగా కుడతాయి. గుడారం పరిచే చోటుతోపాటు కుర్చీలు వేసుకునే చోటు, కారు దిగే చోటు కూడా చూసుకున్నాకే సామాను దింపాము. మూడేసి ఆకులుగా పెరిగే పాయిజన్ ఐవీ తీగ చెట్ల మొదళ్లలో ఉంటుంది, తగిలితే చర్మం దద్దురులెక్కి వారం రోజులు దురద పెడుతుంది కనుక పిల్లలకు ముందుగా దానిని చూపించి గుర్తు పట్టించడం మంచిది. మా స్థలం మీదికి వాలిన లైవ్ ఓక్ చెట్టు కొమ్మల నిండా బూడిదరంగు స్పానిష్ మాస్ వేలాడుతోంది. పేరులో నాచు (మాస్) ఉన్నా ఇది అనాస కుటుంబానికి చెందిన పూల మొక్క, చెట్టు నుంచి ఆహారం తీసుకోకుండా గాలిలోని తేమతోనే బతుకుతుంది. వంటకు పెద్దగా శ్రమ పెట్టుకోలేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం, మాగాయ పచ్చడితో భోజనాలు ముగించి, మిగిలిన తిండి వస్తువులన్నిటినీ కారులో పెట్టి తాళం వేశాము. రాత్రిపూట తిరిగే రాకూన్లనే జంతువులు డబ్బాల మూతలు తీయడంలో నేర్పరులు కనుక గుడారంలో బిస్కెట్ పొట్లం కూడా ఉంచకూడదు.

సూర్యాస్తమయానికి గంటన్నర ముందు ఫార్టీ ఎకర్ సరస్సు గట్టు మీదికి చేరుకున్నాము. సరస్సు చుట్టూ దారి సుమారు మైలుంపావు, చదునుగా ఉంటుంది. ఒక కొసన చెక్క మెట్లతో కట్టిన వీక్షణ మంచె ఉంది, దాని మీది నుంచి ఇటు సరస్సు, అటు జమ్ము పెరిగిన పిలంట్ చిత్తడి రెండూ కనిపిస్తాయి. ఆ మంచె మీద మేము గంటసేపు కూర్చున్నాము. మొదటి పావుగంటలో కనిపించినవి రెండు మూడు కొంగలు మాత్రమే. ఎండ పసుపు రంగుకు తిరిగాక, దక్షిణం వైపు నుంచి, కిందికి వంగిన ముక్కున్న తెల్ల ఐబిస్‌లు గుంపులు గుంపులుగా వచ్చి నీటి మధ్యనున్న పొదల మీద వాలడం మొదలుపెట్టాయి. వాటి వెనుక తెల్ల కొంగలు, ఆ వెనుక ఈల వేస్తూ ఎగిరే నల్ల పొట్ట బాతులు. ఈ బాతుల ముక్కు పగడపు ఎరుపులో ఉంటుంది, రెక్క విప్పితే పొడవునా తెల్ల పట్టీ కనిపిస్తుంది, చెట్టు కొమ్మల మీద కూడా వాలతాయి. ఇటువంటి ఈల బాతులనే కొల్లేరులో చూస్తూ పెరిగిన నాన్నగారు, వాటి కూత వినపడగానే బైనాక్యులర్లు దించి, కళ్లు మూసుకుని విన్నారు. కొంతసేపయ్యాక, “ఏరా, ఇన్ని పిట్టలున్నా వల పట్టుకుని వచ్చేవాడు ఒక్కడూ లేడా?” అని అడిగారు. లేరని చెప్పాను.

ఆ ప్రశ్న అడగడానికి ఆయనకు కారణం ఉంది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించింది, అయినా చెరువులు మళ్లీ వెలిశాయి. ఆటపాక వద్ద ఈనాటికీ గూడబాతులు వేల సంఖ్యలో గూళ్లు కట్టుకోవడం మన అదృష్టం. అక్కడ సరస్సులోనే తరతరాలుగా మనుషుల బతుకు తెరువు ఉంది, ఇక్కడ టెక్సస్ రాష్ట్రం 1970లలో దాదాపు ఐదు వేల ఎకరాలను కొనుగోలు చేసి, 1984లో పార్కుగా ప్రజలకు తెరిచింది, కనుక రెండింటినీ ఒకే తూకంతో తూచడం న్యాయం కాదు. అయినప్పటికీ, చమురు శుద్ధి కర్మాగారాలకూ కొత్త కాలనీలకూ గంట దూరంలో ఇంత చిత్తడి నేలను నీటి పాలనకే వదిలి ఉంచడం చూసి నాన్నగారు ఎంతో సంతోషించారు, ఆ సంతోషంలో కొంత దిగులు కూడా కలిసి ఉందని నాకు తెలుసు.

చీకటి పడ్డాక కప్పల కచేరీ మొదలైంది. రెండు గులకరాళ్లను ఒకదానితో ఒకటి టకటకా కొట్టినట్టు వినిపించేది క్రికెట్ కప్ప, ముక్కుతో అరిచినట్టు వినిపించేవి ఆకుపచ్చ చెట్టు కప్పలు, గంభీరంగా మధ్య మధ్య పలికేది బుల్‌ఫ్రాగ్. మేము దారి మీది నుంచి కదలకుండా నీటి వైపు టార్చి వేసినప్పుడు, నీటి మట్టానికి కొద్దిగా పైన ఎర్రటి నిప్పు కణికలు జంటలు జంటలుగా వెలిగాయి. అలిగేటర్ కంటి వెనుక ఉండే పొర వెలుతురును తిప్పి పంపడం వల్ల అలా కనిపిస్తుంది. చిన్న కళ్లు దగ్గర దగ్గరగా ఉంటే పిల్ల, దూరంగా ఉంటే పెద్దది అని మా అబ్బాయి లెక్క కట్టసాగాడు. రాత్రి నడక మొదటిసారి చేసేవారు పార్కు స్వచ్ఛంద కార్యకర్తలు నడిపించే బృందంతో వెళ్లడం క్షేమం. పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలన్న నియమం ఉంది, దానిని అందరూ పాటించారు. ఏ ఒంటిగంటకో మెలకువ వచ్చినప్పుడు, మా చెట్టుకు అతి సమీపంలో బార్డ్ గుడ్లగూబ ఒకటి పిలవడం, సెలయేటి అవతలి నుంచి మరొకటి బదులు పలకడం స్పష్టంగా విన్నాను. నాన్నగారు కూడా మేలుకునే ఉన్నారు.

ఉదయం ఐదున్నరకు లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఎల్మ్ సరస్సుకు వెళ్లాము. పగటి సందర్శకులకు గేటు తెరవక ముందే సరస్సు దగ్గర ఉండగలగడమే ఇక్కడ గుడారం వేసుకున్నందుకు దక్కే అసలు ఫలం. వెలుతురు వచ్చీ రాని సమయంలో, గట్టుకు నలభై యాభై అడుగుల దూరాన నీటిలో ఒక మగ అలిగేటర్ తేలుతోంది. తల నుంచి తోక దాకా పదడుగులకు తక్కువ ఉండదు. కొంతసేపటికి అది తలనూ తోకనూ నీటిపైకి ఎత్తి, నడుము భాగాన్ని నీటిలోకి దించింది. గొంతు ఉబ్బింది. శబ్దం ఇంకా రాలేదు, కానీ దాని వీపు మీది నీరు ఒక్కసారిగా చిన్న చిన్న బిందువులుగా పైకి చిందసాగింది. మనుషుల చెవికి అందనంత తక్కువ పౌనఃపున్యం గల కంపనాలు దాని శరీరం నుంచి నీటిలోకి పోవడం వల్ల అలా జరుగుతుంది. ఆ వెంటనే వచ్చిన గర్జనను చెవి కంటే ముందు రొమ్ము ఎముకలు విన్నాయి. మా అబ్బాయి నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. అది ముగిసేలోగా సరస్సు అవతలి ఒడ్డు నుంచి రెండోది, జమ్ము లోపల నుంచి మూడోది అందుకున్నాయి. ఏప్రిల్, మే నెలలు వీటి జత కట్టే కాలం, ఉదయపు వేళల్లో ఇలా గర్జిస్తాయి, ఆడవి కూడా బదులు పలుకుతాయి. ప్రతిసారీ ముందు నీరు చిందడం, ఆ తరువాత గర్జన రావడం చూస్తూ, బాగా తెల్లవారేదాకా మేము అక్కడి నుంచి కదలలేదు.

ఈ జంతువు ఒకప్పుడు పూర్తిగా అంతరించే దశకు వచ్చిందంటే ఆ ఉదయం నమ్మశక్యం కాలేదు. చర్మం కోసం విచ్చలవిడిగా వేటాడటం వల్ల 1967లో దీనిని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. వేట నిషేధం, చిత్తడి నేలల రక్షణ వల్ల సంఖ్య పెరిగి, 1987లో పూర్తిగా కోలుకున్నట్టు అమెరికా వన్యప్రాణి విభాగం ప్రకటించింది. ఇరవై ఏళ్లలో ఇంత మార్పు సాధ్యమైందన్న సంగతిని పిల్లలకు పుస్తకంలో చదివి చెప్పడం కంటే, ఆ గర్జన విన్న చోటనే చెప్పడం మంచిదనిపించి మా అబ్బాయికి అక్కడే వివరించాను.

తరువాతి రెండు గంటలు పక్షులవి. ఎల్మ్ సరస్సులో పసుపు పచ్చని పూలు పూసే అమెరికా తామర విస్తారంగా పెరుగుతుంది. అప్పటికి లేత ఆకులు మాత్రమే నీటి మీద పరుచుకుని ఉన్నాయి, వాటి మీద నీటి కోడి జాతికి చెందిన పర్పుల్ గాలినూల్ నడుస్తోంది. పొడవైన పసుపు వేళ్లను విప్పార్చి బరువును పంచుకుంటూ ఒక ఆకు మీది నుంచి మరో ఆకు మీదికి అడుగు వేసి, ముక్కుతో ఆకు అంచును ఎత్తి కింద దాగిన పురుగులను ఏరుకుని తింటోంది. కొల్లేరులోని నీలి కోడి దీని కంటే పెద్దది, కాళ్లు ఎర్రగా ఉంటాయి, నడక మాత్రం అచ్చంగా ఇదేనని నాన్నగారు అన్నారు. మరికొంత దూరంలో రోజియేట్ స్పూన్‌బిల్‌లు, ముక్కు కొన గరిటెలా వెడల్పుగా ఉండే గులాబీ రంగు పక్షులు, లోతు లేని నీటిలో వరుసగా నడుస్తూ, ముక్కును కొద్దిగా తెరిచి ఎడమకూ కుడికీ తిప్పుతున్నాయి. బురద నీటిలో కంటితో పని లేకుండా, ముక్కుకు రొయ్యో చిన్న చేపో తగిలిన క్షణాన మూసేస్తాయి. ఆ రొయ్య జాతి ఆహారంలోని రంగు పదార్థాల వల్లనే వాటి ఈకలకు గులాబీ రంగు వస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఈకల కోసమే వీటిని కూడా దాదాపు తుడిచిపెట్టారు.

రెండు సరస్సులను కలిపే స్పిల్‌వే దారిలో, పసుపు తురాయి రాత్రి కొంగ ఒకటి మాకు పదిహేనడుగుల దూరంలో నిలబడి, రొయ్యలాంటి క్రేఫిష్‌ను తినడం చూశాము. ముందు ఒక పెద్ద గోరును ముక్కుతో పట్టి విదిలించి విరిచింది, తరువాత రెండో గోరును విరిచింది, తరువాత కింద పెట్టి ఒకసారి పొడిచి, తిప్పి, తల వైపు నుంచి మింగింది. ఇంతసేపూ మేము నలుగురం కదలలేదు, అది మమ్మల్ని లెక్క చేయలేదు. చిత్తడి నేలలో నడవడం కంటే నిలబడటం వల్ల ఎక్కువ కనిపిస్తుంది. మా కంటే వేగంగా నడిచిపోయిన ఇద్దరు ముగ్గురు ఆ కొంగను చూడనే లేదు.

ఎండ ఎక్కిన తరువాత నాన్నగారి కోసం క్రీక్‌ఫీల్డ్ సరస్సు దారికి వెళ్లాము. అర మైలు పొడవున్న ఈ దారి చదునుగా వేసినది, చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా తిరగవచ్చు, మధ్య మధ్య కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి. పెద్దవారిని తీసుకువచ్చేవారు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి. నీటి పక్కనున్న చెట్ల నీడలో బంగారు పసుపు రంగు ప్రొథోనోటరీ వార్బ్లర్ పాడుతోంది. పిడికిట్లో ఇమిడే ఈ పిట్ట శీతకాలం మధ్య అమెరికాలోనూ దక్షిణ అమెరికా ఉత్తర భాగంలోనూ గడిపి, వసంతంలో ఇక్కడికి వచ్చి చెట్టు తొర్రలలో గూడు పెట్టుకుంటుంది. దారి పక్కనే ఉన్న నేచర్ సెంటర్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు అలిగేటర్ గూడు ఎలా ఉంటుందో వివరించారు. ఆడది ఆకులూ గడ్డీ బురదా పోగు చేసి గుడ్లు పెడుతుంది, ఆ ఆకులూ గడ్డీ కుళ్లే వేడికే గుడ్లు పొదగబడతాయి, గూటి వేడి తక్కువగా ఉంటే ఆడ పిల్లలు, కొంత పెరిగితే మగ పిల్లలు పుడతాయి. గుడ్ల లోపలి నుంచి పిల్లల అరుపు వినగానే తల్లి గూటిని తవ్వి, వాటిని నోట కరుచుకుని నీటికి చేరుస్తుంది, ఏడాది పైగా కాపలా కాస్తుంది. నాన్నగారు అడిగిన సందేహాలన్నిటినీ మా అబ్బాయి ఇంగ్లీషులోకి మార్చి అడిగాడు, కార్యకర్త ఒక్కదానికి కూడా విసుక్కోకుండా జవాబు చెప్పారు.

పదకొండు గంటలకు గుడారం విప్పాము. గల్ఫ్ తీరపు తేమకు గుడారం పై గుడ్డ లోపలి వైపు తడిసి ఉంటుంది, దానిని ఆరబెట్టకుండా మడిచి పెడితే రెండు రోజుల్లో బూజు పడుతుంది కనుక, ఇంటికి చేరాక మళ్లీ ఎండలో వేయడం తప్పనిసరి.

ఏ కాలంలో వెళ్లాలని అడిగేవారికి నేను చెప్పేది ఇది. చల్లని వాతావరణం, తక్కువ దోమలు, ఉత్తరం నుంచి వచ్చిన బాతులు కావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లాలి, ఆ రోజుల్లో ఎండ కాసినప్పుడు అలిగేటర్లు ఒడ్డుకు వచ్చి పడుకుంటాయి. గర్జనలు, వలస పిట్టలు కావాలంటే ఏప్రిల్. పసుపు చారలతో ఉండే అలిగేటర్ పిల్లలను చూడాలంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు, ఉక్కపోతకు సిద్ధపడి వెళ్లాలి. పార్కు అంతా బ్రాజోస్ నది వరద మైదానంలో ఉంది, 2017లో హార్వీ తుఫాను సమయంలో నీరు ముంచెత్తి మూసివేయవలసి వచ్చింది, కనుక భారీ వర్షాల తరువాత బయలుదేరేవారు దారులు తెరిచి ఉన్నాయో లేదో ముందు రోజు ఒకసారి, బయలుదేరే ఉదయం మరొకసారి విచారించుకోవాలి. శనివారం బస దొరికినవారు అదే ఆవరణలోని జార్జ్ అబ్జర్వేటరీకి కూడా టికెట్లు ముందుగా తీసుకుంటే, ముప్పై ఆరు అంగుళాల దూరదర్శినితో ఆకాశాన్ని చూసే అవకాశం ఉంటుంది. మేము వారం మధ్యలో వెళ్లినందువల్ల అది చూడలేదు. నాన్నగారి తిరుగు ప్రయాణం జూన్‌లో కనుక, ఆలోగా దొరికే ఒక శనివారానికి మళ్లీ స్థలం తీసుకున్నాము.